రోడ్డు మీదికొచ్చిన వైద్యం

1966లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఒక నివేదిక వెలువరించింది. ప్రమాదాల్లో చావులూ అంగవైకల్యాలూ దాని విషయం. అంతకు ముందు ఏడాది ఆ దేశంలో ప్రమాదాలు 1,07,000 మందిని పొట్టన పెట్టుకున్నాయి. వాళ్లలో 49 వేల మంది రోడ్ల మీద పోయినవాళ్లే. ఆ నివేదికలో మనిషిని నివ్వెరపరిచే మాట ఒకటుంది. దేశంలోని అంబులెన్సు సర్వీసుల్లో దాదాపు సగం అంత్యక్రియల వ్యాపారుల చేతుల్లో ఉన్నాయట! అలాంటివాళ్లు సుమారు 12 వేల మంది. కారణం చాలా మామూలుది. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లేంత పొడవైన బండి ఊళ్లో వాళ్ల దగ్గరే ఉండేది.

కొనఊపిరితో ఉన్నవాడినీ, ఊపిరి పోయినవాడినీ ఒకే బండి మోసేది. లోపల ఆక్సిజన్ ఉండదు, రక్తం ఆపడం తెలిసిన మనిషి ఉండడు. డ్రైవరు ఎంత వేగంగా తోలితే అంత సేవ చేసినట్టు. యుద్ధరంగంలో గాయపడ్డ సైనికుడికి ఉన్నపాటి ఆశ, సొంత ఊరి వీధిలో గాయపడ్డ పౌరుడికి లేదని ఆ నివేదిక తేల్చింది.

అత్యవసర వైద్య సేవ చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: రోగిని వైద్యం దగ్గరికి మోసుకెళ్లాలా, వైద్యాన్నే రోగి దగ్గరికి పంపాలా?

యుద్ధంలో పుట్టి...

రెండో జవాబును మొదట గట్టిగా చెప్పినవాడు ఫ్రెంచి సైనిక వైద్యుడు డొమినిక్ జాన్ లారే. 1792లో రైన్ సైన్యంలో పనిచేస్తున్నప్పుడు అతనికి పాతికేళ్లు దాటాయంతే. అప్పటి పద్ధతి ప్రకారం వైద్యుల బండ్లు పోరు జరిగే చోటికి దూరంగా ఆగేవి. కాల్పులు ఆగాకే క్షతగాత్రుల్ని ఏరేవారు. అప్పటికి చాలామంది పోయేవారు. ఫిరంగుల్ని గుర్రాలు చకచకా లాక్కుపోవడం చూసి, వైద్యం మాత్రం అలా ఎందుకు పోకూడదు అనుకున్నాడు లారే. రెండు గుర్రాలు లాగే తేలిక బండి చేయించి, సిబ్బందిని ఎక్కించి, గుళ్ల వాన మధ్యకే పంపాడు. దానికి ‘ఎగిరే అంబులెన్సు’ అని పేరు. హోదా చూడకుండా ఎవరి గాయం తీవ్రమైతే వాళ్లకే ముందు చికిత్స అన్న నియమం కూడా అతనిదే. ఇవాళ ప్రతి ఆస్పత్రి ఎమర్జెన్సీ వార్డు ఆ నియమం మీదే నడుస్తోంది.

తర్వాతి శతాబ్దంలో కథ నెమ్మదిగా ఊళ్లలోకి వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో జొనాథన్ లెటర్మన్ సైన్యానికి పద్ధతైన అంబులెన్సు దళం ఏర్పరచాడు. 1869లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆస్పత్రి గుర్రపు అంబులెన్సులు మొదలుపెట్టింది. 1881 డిసెంబరు 8న వియన్నాలో రింగ్ థియేటరు తగలబడి వందల మంది చనిపోతే, మర్నాడే వైద్యుడు యారొమీర్ ముండీ, మరికొందరు కలిసి స్వచ్ఛంద రక్షణ సంఘం స్థాపించారు. లండన్‌లో 1935 నవంబరులో వింపోల్ స్ట్రీటులో ఒక ఇల్లు అంటుకుంది. ఎదురింటాయన ఫైరింజను కోసం ఫోన్ చేస్తే ఎక్స్చేంజి వరసలో ఇరుక్కుపోయాడు. ఐదుగురు స్త్రీలు మరణించారు. ఆ గొడవ పార్లమెంటు దాకా వెళ్లి, 1937 జూన్ 30న 999 అత్యవసర నంబరు పుట్టింది. అమెరికాలో 911 మొదటిసారి మోగింది 1968 ఫిబ్రవరి 16న, అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో.

నంబరు వచ్చింది, బండి వచ్చింది. బండిలో ఎవరుండాలి? దీనికి జవాబు చెప్పింది పిట్స్‌బర్గ్‌లోని ఒక పేట.

హిల్ డిస్ట్రిక్ట్ కుర్రాళ్లు

పీటర్ సాఫర్ వియన్నాలో పుట్టి అమెరికా వచ్చిన మత్తు వైద్యుడు. 1950ల్లో బాల్టిమోర్‌లో సాహసమైన ప్రయోగాలు చేశాడు. తమంతట తాముగా ముందుకొచ్చినవాళ్లకు మందిచ్చి, శ్వాస తీసే కండరాల్ని కాసేపు స్తంభింపజేశాడు. నోట్లో నోరు పెట్టి వాళ్లకు ఊపిరి ఊదే పని మాత్రం డాక్టర్లు కాని మామూలు మనుషులకు అప్పగించాడు. వాళ్లు ఊదిన గాలితోనే ఆ ఊపిరితిత్తులు పనిచేశాయి. ప్రాణం నిలబెట్టడానికి డిగ్రీ అక్కర్లేదు, నేర్పితే ఎవరైనా చేయగలరని రుజువైంది. ఇవాళ సీపీఆర్ అని మనం పిలిచే ప్రాణరక్షణ పద్ధతికి అది ఒక పునాది.

1966లో సాఫర్ 11 ఏళ్ల కూతురు ఎలిజబెత్ ఉబ్బసం ముదిరి కోమాలోకి వెళ్లి చనిపోయింది. అదే ఏడాది నవంబరులో పెన్సిల్వేనియా మాజీ గవర్నర్ డేవిడ్ లారెన్స్ పిట్స్‌బర్గ్‌లో ఎన్నికల సభలో కుప్పకూలి, ఆ నెలలోనే మరణించాడు. గవర్నరుగా చేసిన మనిషికి కూడా ఆ ఊళ్లో దారిలో సరైన చికిత్స అందలేదు. అప్పుడక్కడ అంబులెన్సు పని పోలీసులది. నిందితుల్ని ఎక్కించే వ్యాన్లోనే రోగిని పడేసి తీసుకెళ్లేవారు. ఇద్దరు పోలీసులూ ముందు సీట్లో, రోగి వెనకాల ఒంటరిగా. నల్లజాతివాళ్లుండే హిల్ డిస్ట్రిక్ట్‌కైతే అదీ ఆలస్యంగానే వచ్చేది.

ఫాక్ మెడికల్ ఫండ్ అనే సంస్థను నడిపే ఫిల్ హాలెన్, ఆ పేటలో నల్లజాతి యువకులకు ఉపాధి చూపించే ఫ్రీడమ్ హౌస్, సాఫర్ - ఈ ముగ్గురూ 1967లో కలిశారు. పనిలేనివాళ్లు, బడి మధ్యలో మానేసినవాళ్లు, వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్లు, జైలు చూసొచ్చినవాళ్లు - లోకం ‘వీళ్లతో ఏమవుతుంది’ అన్నవాళ్లనే చేర్చుకున్నారు. 300 గంటల శిక్షణ. శరీర నిర్మాణం, ప్రథమ చికిత్స, సీపీఆర్, ఆపరేషన్ థియేటర్లలో ప్రత్యక్ష అభ్యాసం. అప్పటికి దేశంలో అంబులెన్సు మనిషికి ఇంత చదువు ఎవరూ చెప్పలేదు.

వాళ్లు వీధుల్లో చేసిన పని చూసి డాక్టర్లే ఆశ్చర్యపోయారు. గొట్టం వేసి ఊపిరి అందించడం, ఆగిన గుండెకు షాక్ ఇవ్వడం, సెలైన్ ఎక్కించడం - అప్పటిదాకా ఎక్కువగా ఆస్పత్రి గోడల మధ్యే జరిగేవన్నీ ఇంటి మెట్ల మీదా రోడ్డు పక్కనా చేశారు. 1974లో డాక్టర్ నాన్సీ కరోలైన్ వాళ్లకు వైద్య పర్యవేక్షకురాలైంది. వాళ్ల మధ్య తిరిగి ఆమె రూపొందించిన పాఠ్యక్రమమే అమెరికా మొత్తానికీ నమూనా అయింది. 1979లో వచ్చిన ఆమె పుస్తకం ‘ఎమర్జెన్సీ కేర్ ఇన్ ద స్ట్రీట్స్’ ఇప్పటికీ కొత్త ముద్రణలతో పాఠంగా నడుస్తోంది.

ఆ కుర్రాళ్లకు ఏం దక్కింది? 1975 అక్టోబరులో నగరపాలక సంస్థ ఊరంతటికీ తన సొంత సర్వీసు పెట్టి ఫ్రీడమ్ హౌస్‌ను మూసేసింది. కొత్త దళంలో ఎక్కువమంది తెల్లవాళ్లు. దారి వేసినవాళ్లలో చాలామంది పరీక్షల పేరుతో, బదిలీల పేరుతో బయటికి పోయారు. నిలబడినవాళ్లలో జాన్ మూన్ ఒకరు. అదే దళంలో అసిస్టెంట్ చీఫ్ స్థాయికి ఎదిగారు. వైద్య చరిత్రలో ఇంత పెద్ద మేలు చేసి ఇంత త్వరగా మరుగున పడిన దళం మరొకటి నాకు కనబడలేదు.

దాదాపు అదే కాలంలో, 1966 జనవరిలో, బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే గుండె వైద్యుడు మరో వైపు నుంచి ఇదే మాటకు వచ్చాడు. గుండెపోటు మరణాల్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే, ఆస్పత్రికి చేరకముందే జరుగుతున్నాయి. అందుకని గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌ను కారు బ్యాటరీలకు తగిలించి అంబులెన్సులో పెట్టాడు. 70 కిలోల బరువు దానిది. కొన్నేళ్లలోనే దాన్ని చేత్తో మోసే బరువుకు తెచ్చాడు.

అక్కణ్నుంచి ప్రపంచం రెండు దారులు పట్టింది. ఫ్రాన్స్, జర్మనీ డాక్టర్నే బండెక్కించాయి. బ్రిటన్, అమెరికా టెక్నీషియన్‌కి తర్ఫీదు ఇచ్చి పంపాయి. డాక్టర్లకే కరువున్న మన దేశానికి రెండో దారే సాధ్యం. ఆ దారిలో పెద్ద అడుగు పడింది హైదరాబాదులో.

నూట ఎనిమిది

2005 ఆగస్టు 15న 108 సర్వీసు మొదలైంది. దాన్ని నడిపిన ఈఎంఆర్‌ఐ సంస్థను పెట్టింది సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం చేయి కలిపింది. రాను రాను ఖర్చులో సింహభాగం ప్రభుత్వమే భరించింది. అంతకుముందు మనకు అంబులెన్సు అంటే ఏమిటి? ఆస్పత్రి పేరు రాసున్న వ్యాను, ముందు డబ్బు మాట, తర్వాతే ఇంజను. ఊళ్లోనైతే ఆటో, ట్రాక్టరు, లేదంటే మంచం మీద మోత. 108 ఆ లెక్క మార్చింది. ఫోన్ ఉచితం, ప్రయాణం ఉచితం, దారిలో చికిత్స ఉచితం. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డప్పుడు ఈ సర్వీసూ పోతుందేమోనని జనం కంగారు పడ్డారు. బండ్లు ఆగలేదు. నిర్వహణ జీవీకే సంస్థ చేతుల్లోకి వెళ్లింది. అప్పటికే గుజరాత్, తమిళనాడు వంటి రాష్ట్రాలు ఇదే నంబరు తెచ్చుకున్నాయి. తెలుగు నేల మీద మొదలై దేశమంతా అల్లుకున్న ఈ సేవ గురించి మనం గర్వపడాల్సినంతగా గర్వపడటం లేదు.

మీరు 108 కొట్టగానే జరిగేది ఇది. కాల్‌సెంటర్‌లో ఒకరు ఎక్కడ, ఏమైంది, ఎందరికి అని అడుగుతూనే దగ్గరలోని బండిని పంపుతారు. బండిలో ఇద్దరు. డ్రైవరును వాళ్ల భాషలో ‘పైలట్’ అంటారు. రెండో మనిషి ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. రోగి పరిస్థితి చేయి దాటుతుంటే ఈఎంటీ కాల్‌సెంటర్లో కూర్చున్న డాక్టరుతో మాట్లాడి, ఆయన చెప్పిన మందు ఇస్తాడు. అక్కడ డిగ్రీ ఉంది, ఇక్కడ చేతులున్నాయి. పేపర్లో ‘108లో సుఖప్రసవం’ అని రెండు లైన్ల వార్త తరచూ చూస్తుంటాం. ఆ రెండు లైన్ల వెనక, రోడ్డు పక్కన ఆపిన బండిలో, బొడ్డుతాడు కత్తిరించి బిడ్డను ఏడిపించిన ఒక యువకుడో యువతో ఉంటారు.

వాళ్ల సంగతే మనకు పట్టదు. 2020 జులై 1న విజయవాడలో 108 బండ్లూ, సంచార వైద్యానికి వాడే 104 బండ్లూ కలిపి 1,088 ఒకేసారి బారులు తీరితే ఫొటోలు చూసి అందరం మురిశాం. మురవాల్సిందే. అయితే ఆ బండ్లెక్కే టెక్నీషియన్లకు ఎన్ని గంటల శిక్షణ ఉంది, రెండేళ్లకోసారి మళ్లీ నేర్పుతున్నారా, జీతమెంత, పన్నెండు గంటల డ్యూటీ ఎన్ని రోజులు వరసగా పడుతోంది అని అడిగినవాళ్లు తక్కువ. జీతాల కోసం, పని గంటల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 108 ఉద్యోగులు ఎన్నోసార్లు సమ్మెకు దిగారు. పాడేరు మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణిని ఇప్పటికీ డోలీ కట్టి బండి ఉన్నచోటికి మోసుకొస్తున్నారు. ఏజెన్సీలో బైక్ అంబులెన్సులు తెచ్చింది అందుకే. బైకు కూడా పోలేని దారి ఉంటే అక్కడ ముందు రోడ్డు వేయాలి, వేరే మార్గం లేదు. ఇక ఇంత కష్టపడి తెచ్చిన రోగిని ఆస్పత్రి గేటు దగ్గర ‘ఇక్కడ కుదరదు, వేరే చోటికి తీసుకెళ్లండి’ అంటే ఈఎంటీ చేయగలిగింది ఏమీ ఉండదు. అలా అనే హక్కు ఏ వైద్యుడికీ లేదని సుప్రీంకోర్టు 1989లోనే, పరమానంద్ కటారా కేసులో తేల్చి చెప్పింది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో ఎందరి చుట్టూ జనం గుమిగూడి, పోలీసు కేసవుతుందేమోనని చేతులు కట్టుకు నిలబడ్డారో! ఆ భయం ఇక అక్కర్లేదు. గాయపడ్డవాడికి సాయం చేసినవాణ్ని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. మీ పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు, మీరు సాక్షిగా ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం.

అంబులెన్సు వచ్చేలోపు ఉండే ఆ కొద్ది నిమిషాలూ మీవే. గుండె ఆగిన మనిషికి, ఏమీ చేయకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. 108కి ఫోన్ చేసి, ఊరి పేరుతో పాటు గుడో బడో పెట్రోలు బంకో ఒక గుర్తు చెప్పండి. వాళ్లు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందనిపిస్తే కాళ్లూ చేతులూ పట్టి లేపకండి. మనిషి పలక్కుండా, ఊపిరి తీయకుండా ఉంటే ఛాతీ నడుమ రెండు చేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి, రెండంగుళాల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండండి. ఈ విద్య నేర్చుకోవడానికి ఒక పూట చాలు. మీ అపార్టుమెంటులో, పిల్లల కాలేజీలో, ఊరి పంచాయతీలో ఒక ఆదివారం దీనికి కేటాయించండి.