ఫైళ్ళు దాచుకున్నారు సరే, కంప్యూటర్ సంగతేమిటి?

అమలాపురం, తణుకు, రాజమండ్రి, ఏ ఊళ్ళో చూసినా ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని పెళ్ళికార్డులు, కరపత్రాలు, తీర్థాల ఆహ్వానాలు కూర్చే డీటీపీవాళ్ళు ఉంటారు. వాళ్ళలో ఇప్పటికీ పేజ్‌మేకర్ 7 వదలనివాళ్ళు ఉన్నారు. అడోబీ దాన్ని 2001లో తెచ్చింది, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. దానికి తోడు అను ఫాంట్లు, చెయ్యి అలవాటుపడిన కీబోర్డు లేఅవుట్, పాత ప్రింటరు డ్రైవరు. ఇవన్నీ ఒకదానితో ఒకటి కుదురుకునే సరికి పెట్టినవాడి తాతలు దిగొచ్చి ఉంటారు. ఆ పెట్టిన కుర్రాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఉంటాడు. సీడీలు ఏ అటక మీద ఉన్నాయో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ కంప్యూటర్లో హార్డ్ డిస్కు పోయిందనుకోండి. యజమాని జాగ్రత్తపరుడే, కార్డుల ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. కొత్త డిస్కు వేయించి, విండోస్ ఎక్కించి, ఫైలు తెరుస్తాడు. ‘చి.ల.సౌ.’ ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, ఏవేవో గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు పద్ధతి అది. ఫైల్లో దాగేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వాటికి తెలుగు ఆకారం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు లేకపోతే ఆ ఫైల్లో తెలుగే లేదు. ఫైలు చెక్కుచెదరలేదు, ముహూర్తాల రోజుల్లో పని మాత్రం ఆగిపోయింది. ట్యాలీలో మిల్లు లెక్కలు రాసేవాళ్ళకైనా, పెళ్ళి ఆల్బమ్‌లు దిద్దే ఫొటోగ్రాఫర్లకైనా ఇదే గతి. ఫైళ్ళు కాపీ చేసుకోవడం మంచిదే, కానీ కంప్యూటర్‌ను మళ్ళీ పనిలోకి దించేది డిస్క్ ఇమేజ్.

ఇమేజ్ అంటే డిస్కులో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు తీసి మరో డిస్కులో ఫైళ్ళుగా దాచడం. మనకు కనిపించే సీ, డీ డ్రైవులతో పాటు కనిపించనివీ అందులోకి వస్తాయి: కంప్యూటర్ లేవడానికి కావలసిన చిన్న భాగం, విండోస్ తనకోసం ఉంచుకున్న రికవరీ భాగం, ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసిన పట్టిక. కాపీ-పేస్ట్‌తో వీటిని పట్టుకోలేం. ఇమేజ్‌ను తిరిగి ఎక్కిస్తే అది తీసిన రోజున కంప్యూటర్ ఎలా ఉందో అలాగే లేస్తుంది. అవే ఫాంట్లు, అదే ప్రింటరు, ట్యాలీలో అవే ఖాతాలు. ఖాళీ జాగాను మోసుకురాదు కాబట్టి 500 జీబీ డిస్కులో 120 జీబీ వాడి ఉంటే ఆ 120 జీబీనే తీసుకుని, కుదించి, ఇంకా తక్కువలో పెడుతుంది.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1990ల మధ్యలో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో పుట్టిన గోస్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఇదే పని చేసేది. సిమాంటెక్ దాన్ని 1998లో కొనుక్కుంది. ఒక కంప్యూటర్ సిద్ధం చేసి మిగతావాటికి గోస్ట్ కొట్టడం కాలేజీ ల్యాబులు చూసుకునేవాళ్ళకు బాగా తెలిసిన పని. ఆ సుళువు ఇళ్ళదాకా రాకపోవడం బాధగా ఉంటుంది, ఎందుకంటే ల్యాబుకన్నా ఇంటివాళ్ళకే దాని అవసరం ఎక్కువ.

విండోస్‌లోనే సిస్టమ్ ఇమేజ్ తీసే ఏర్పాటు కంట్రోల్ ప్యానెల్‌లో ఉంది. అయితే దాన్ని ఇక అభివృద్ధి చేయబోమని మైక్రోసాఫ్ట్ 2017లోనే చెప్పేసింది. అందుకే నేను రెస్క్యూజిల్లా వాడమంటాను. ఉచితం. తైవాన్‌లో తయారైన క్లోన్‌జిల్లా అనే ఇమేజ్ సాఫ్ట్‌వేర్‌కు మౌస్‌తో నడిచే రూపం ఇది. దాన్ని దించుకుని ఒక పెన్‌డ్రైవ్‌లో బూట్ అయ్యేలా ఎక్కించుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు విండోస్ 10, 11 ఉన్నవాళ్ళు షిఫ్ట్ కీ నొక్కిపట్టి షట్‌డౌన్ చెయ్యాలి. మామూలుగా ఆపితే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, ఆ స్థితిలో డిస్కును చదవడానికి ఇమేజ్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉందేమో కూడా ముందే చూసుకోవాలి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి. తాళం వేసిన డిస్కులో ఏది ఖాళీయో బయటి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, ఇమేజ్ డిస్కంత అవుతుంది.

ఇప్పుడు పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్కు రెండూ గుచ్చి, ఎఫ్12 గానీ మీ కంపెనీ పెట్టిన ఇంకో కీ గానీ నొక్కి, పెన్‌డ్రైవ్ నుంచి లేపండి. తెరమీద ‘బ్యాకప్’ నొక్కితే డిస్కుల జాబితా వస్తుంది. ఏది ఏదో కంపెనీ పేరు, సైజు చూసి పోల్చుకోవాలి. ఇక్కడ తొందర పనికిరాదు. తిరిగి ఎక్కించేటప్పుడూ ఇదే జాబితా వస్తుంది, అప్పుడు పొరపాటున ఎక్స్‌టర్నల్ డిస్కును ఎంచుకుంటే దాచుకున్నదే తుడిచిపెట్టుకుపోతుంది. పాత యూఎస్‌బీ 2 సాకెట్లో వంద జీబీకి దాదాపు గంట పడుతుంది. నీలిరంగు యూఎస్‌బీ 3 సాకెట్ ఉంటే చాలా ముందే అయిపోతుంది. మధ్యలో కరెంటు పోతే సగం ఇమేజ్ ఎందుకూ కొరగాదు. ఎక్కించేటప్పుడు పోతే కంప్యూటరే లేవదు. కాబట్టి యూపీఎస్ ఉండాలి.

తీశాక ‘వెరిఫై ఇమేజ్’ తప్పకుండా నడపండి. వీలైతే షాపులో దొరికే పాత డిస్కు ఒకటి పెట్టుకుని, ఇమేజ్‌ను దానిమీద ఎక్కించి, ఆ డిస్కుతో కంప్యూటర్ లేపి, ఒక కార్డు తెరిచి చూడండి. ఇంత చేసేవాళ్ళు అరుదు. కానీ ఎక్కించి చూడని ఇమేజ్‌ను నమ్ముకుని నేనైతే నిద్రపోలేను.

ఎక్కించాల్సిన డిస్కు పాతదానికన్నా చిన్నది కాకూడదు. 1 టీబీ డిస్కులో వాడింది 150 జీబీయే అయినా ఆ ఇమేజ్ నేరుగా 480 జీబీ ఎస్ఎస్‌డీలోకి ఎక్కదు. ముందు పాత డిస్కులో భాగాల సైజు తగ్గించుకోవాలి, అదీ తెలిసినవాళ్ళ చేత. వేరే కంప్యూటర్లోకి ఎక్కిస్తే డ్రైవర్లు కుదరక లేవకపోవచ్చు, సాఫ్ట్‌వేర్ల లైసెన్సులు మళ్ళీ అడగవచ్చు.

ఇక దాచే చోటు. మన గోదావరి ప్రాంతానికి అసలు మాట ఇదే. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చింది, 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి పోయింది. కోనసీమ లంకల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. 1986 ఆగస్టు వరద ఇంకా పెద్దది, కాకపోతే అప్పటికి మన పల్లె ఇళ్ళలో కంప్యూటర్లు లేవు. కంప్యూటర్ బల్లమీద, ఇమేజ్ ఉన్న డిస్కు ఆ బల్ల సొరుగులో ఉంటే ఆ నీళ్ళకు రెండూ ఒకటే. మామూలు హార్డ్ డిస్కు మూతకు గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటుంది. గోదావరి నీరు ఒండ్రుతో వస్తుంది, అది లోపలికి చేరిందంటే చదివే పళ్ళేలు గీసుకుపోతాయి. తడిసిన డిస్కును ఆరబెట్టి కరెంటు పెట్టి చూడటం అన్నిటికన్నా చేటు. లోపలి డేటా నిజంగా కావాలంటే దాన్ని అలాగే డేటా రికవరీవాళ్ళకు ఇవ్వాలి.

వరద ఒక్కటే కాదు. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్ళకు తాళం వేసి డబ్బులడిగే అలాంటి ర్యాన్సమ్‌వేర్ కంప్యూటర్‌కు గుచ్చి ఉన్న డిస్కును కూడా వదలదు. పని కాగానే ఎక్స్‌టర్నల్ డిస్కు ఊడదీసేయాలి. విండోస్ 7కు అందరికీ మామూలుగా వచ్చే భద్రతా మరమ్మతులు 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబరులో ఆగిపోయాయి. పేజ్‌మేకర్ కోసం విండోస్ 7 వదల్లేనివాళ్ళు ఆ కంప్యూటర్‌ను నెట్‌కు దూరంగా ఉంచడం మేలు.

రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు పెట్టుకోండి. ఒకటి ఇంట్లోనే పై అంతస్తులోనో అటక మీదో ఉండొచ్చు. రెండోది వరద ముఖం చూడని ఊళ్ళో అక్కగారింట్లోనో బావగారింట్లోనో ఉండాలి. పండక్కి వెళ్ళినప్పుడు ఈ రెంటినీ మార్చుకోవచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, అంతా సవ్యంగా నడుస్తున్నప్పుడు ఒక ఇమేజ్ తియ్యండి. ఏటా గోదావరికి ఎర్రనీరు రాకముందే, మే నెలలో, ఇంకొకటి. మధ్యలో చేసిన కార్డులు, లెక్కలు మాత్రం ఇమేజ్‌లో ఉండవు, వాటిని ఏ రోజుకా రోజు పెన్‌డ్రైవ్‌లోకో, 15 జీబీ వరకు ఉచితంగా ఇచ్చే గూగుల్ ఖాతాలోకో వేసుకోవాలి. అను ఫాంట్ల ఫైళ్ళు కూడా అక్కడే ఒక ఫోల్డర్‌లో ఉంచుకోండి.