సహపాఠికి చేసే సేవ

సిక్కు సంప్రదాయంలో ‘సేవ’ అనే మాటకు పరోపకారం కన్న విశాలమైన అర్థం ఉన్నది. గురుద్వారాకు వచ్చినవారి పాదరక్షలు సర్దడం, లంగరు వంటశాలలో అంట్లు తోమడం, పంక్తిలో కూర్చున్నవారికి వడ్డించడం ఇవన్నీ సేవలే. శరీరంతో చేసేది తన్ సేవ, ధనంతో చేసేది ధన్ సేవ, మనస్సుతోను విద్యతోను చేసేది మన్ సేవ. పెద్ద విద్యార్థి చిన్నవాని పక్కన కూర్చుని గురుముఖి అక్షరాలు దిద్దించడం ఈ చివరి కోవలోనిది. అందుకు వేతనం ఉండదు. పొగడ్తను ఆశించినా సేవకు లోపమే.

రెండవ గురువు అంగద్ దేవ్ (1504–1552) ఖడూర్ సాహిబ్‌లో పిల్లలకు స్వయంగా అక్షరాలు నేర్పినట్లు సంప్రదాయం చెబుతున్నది. గురుపీఠంపై ఉన్నవారే చేసిన ఆ పని ఏ విద్యార్థికీ చిన్నతనం కాజాలదు.

సహపాఠి బోధనకు ప్రత్యేకమైన బలం ఒకటి ఉన్నది. 1/2కు 1/3 కలిపి 2/5 అని రాసిన పిల్లవాని పొరపాటు మహాపండితునికి వింతగా తోచవచ్చు. నిరుడు అదే తప్పు చేసిన విద్యార్థికి అది ఎలా జరిగిందో ఇట్టే తెలుస్తుంది. అతనిని మళ్ళీ మళ్ళీ అడగడానికి జంకు ఉండదు. చెప్పేవానికీ లాభమే. తనకు వచ్చుననుకున్నది నిజంగా వచ్చునో రాదో ఎదుటివాని ప్రశ్నతో తేలిపోతుంది.

ఈ పద్ధతి తెలుగు నేలకు కొత్తది కాదు. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న నాటి బళ్ళారి జిల్లా పాఠశాలలను గురించి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823లో నివేదిక రాశాడు. మొత్తం 533 బడులలో 226 తెలుగువి. ముందున్న పిల్లలు వెనుకనున్నవారికి నేర్పుతూ తమ విద్యను స్థిరపరచుకొనే తీరును ఆయన మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దానిని అనుకరించడం సముచితమేనన్నాడు. మద్రాసు అనాథ బాలుర శాలలో దీనిని అమలుపరచిన ఆండ్రూ బెల్ అంతకుముందే, 1797లో, తన అనుభవాన్ని లండన్‌లో ప్రచురించాడు. అక్కడ అది ఒక్క ఉపాధ్యాయునితో వందలాది పిల్లలను నడిపించే చౌక ఏర్పాటుగా మారింది. పద్ధతి మిగిలింది గాని, పక్కన కూర్చునే ఆత్మీయత పలుచబడింది.

మన వీధిబడిని మాత్రం మితిమీరి కీర్తించనక్కరలేదు. బళ్ళారి లెక్కలోని 6,641 మంది విద్యార్థులలో ఆడపిల్లలు 60 మందే! లంగరులోనైతే కులమతాలు అడగరు. ఎవరు వచ్చినా ఒకే వరుసలో కూర్చుంటారు. అక్షరాలకు కూడా అటువంటి పంక్తి కావలసి ఉన్నది.

కళాశాలలలో ఇటువంటి సేవకు పూనుకొనేవారు రెండు విషయాలు గమనించాలి. ఉపాధ్యాయుని కొలువు ఖాళీగా ఉంచి, ఆ లోటును విద్యార్థుల సేవతో పూరించుకోవడం న్యాయం కాదు. అలాగే, అడిగినవానికి లెక్క చేసి ఇవ్వడం బోధన అనిపించుకోదు. పెన్సిలు అతని చేతిలోనే ఉంచి, ఎక్కడ ఆగాడో అక్కడి మెట్టు మాత్రం చూపించి, తక్కినది అతనినే చేయనివ్వాలి. దీనికి ఓర్పు కావాలి, సమయమూ పడుతుంది.