సూదితో ఊరట, శ్రమతో స్వస్థత

విజయవాడ ఆటోనగర్‌లో రోజంతా స్పానర్ తిప్పే మెకానిక్కులకు, పెడనలో కలంకారీ అచ్చును బట్టపై ఉంచి పిడికిలితో మోదే కార్మికులకు, ఇంట్లో కుట్టుమిషను నడిపే సోదరీమణులకు చెయ్యే జీవనాధారం. ఆ మోచేతి వెలుపలి వైపు నెలల తరబడి నొప్పి వేధిస్తే ఇల్లు గడవడమే కష్టమవుతుంది. అందుకే "ఒక్క సూది వేయండి డాక్టరుగారూ" అని అడుగుతాం.

దీనిని మనం "నరం పట్టింది" అంటాం. నిజానికి నొప్పి పుట్టేది నరంలో కాదు; కండరాన్ని ఎముకతో కలిపే తాడులాంటి టెండాన్‌లో. ఒకే పని పదేపదే చేయడం వల్ల దాని పోగులు దెబ్బతిని, నెమ్మదిగా మాత్రమే కోలుకుంటాయి.

స్టెరాయిడ్ సూది తొలి వారాలలో చక్కని ఊరటనిస్తుంది. కానీ ఊరట వేరు, స్వస్థత వేరు. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు 165 మంది మోచేతి రోగులపై జరిపిన అధ్యయనంలో, స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 54 శాతం మందికి ఏడాదిలోగా నొప్పి తిరగబెట్టింది. మందు లేని సూది తీసుకున్నవారిలో అది 12 శాతమే.

మన రక్తాన్నే తీసి, ప్లేట్‌లెట్లను వేరుచేసి ఎక్కించే పీఆర్పీ చికిత్సకు వేల రూపాయలు ఖర్చవుతాయి. మడమ టెండాన్ నొప్పి ఉన్న 240 మందిపై బ్రిటన్‌లో జరిగి, 2021లో వెలువడిన అధ్యయనంలో ఆరు నెలల తర్వాత ఉత్తుత్తి సూది కంటే దాని వల్ల అదనపు మేలు కనిపించలేదు. అప్పుచేసి దానికి పూనుకునే ముందు ఆలోచించాలి.

టెండాన్‌ను బలపరిచేది క్రమబద్ధమైన వ్యాయామమే. ముంజేతిని బల్లపై ఆనించి, అరచేయి కిందికి ఉంచి, చిన్న నీళ్ల సీసాను పట్టుకోవాలి. రెండవ చేతి సాయంతో పైకెత్తి, మెల్లగా దించాలి. ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకుని, సుమారు 12 వారాలు ఓపిక పట్టాలి.

సూది తప్పనిసరైతే మధుమేహం సంగతి ముందే చెప్పాలి. స్టెరాయిడ్ కొన్ని రోజులపాటు చక్కెరను పెంచుతుంది. మడమ టెండాన్‌లో వేస్తే అది తెగే ప్రమాదమూ ఉంది.

చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (సఅసం) బోధ. సహనం కూడా అందులో భాగమే. ఆ పన్నెండు వారాలూ బిందె మోసే పని, బట్టలు పిండే పని ఇంట్లోని మిగతావారు పంచుకుంటే, నొప్పిపడ్డ చేతికి అదే తొలి మందు.