కంప్యూటరుకూ ఊపిరి ఆడాలి

గత ఏడాది ఏప్రిల్ నెలాఖరు. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వడానికి ఇంకా మూడు రోజులే గడువు. హాస్టలు గదిలో మేం నలుగురం తలా కొంత వేసుకుని కొన్న కంప్యూటరు, రాత్రి పదకొండింటికి లెక్క మొదలుపెడితే పన్నెండున్నరకల్లా నత్తనడకకు దిగేది. ఒంటిగంటకు తనంతట తనే ఆరిపోయేది. చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరు.

వైరస్ అన్నాడొకడు. కరెంటు సరిగా లేదన్నాడు మరొకడు. చివరికి పై అంతస్తులో ఉండే ఎం.టెక్. సీనియరుని బతిమాలి తీసుకొచ్చాం. ఆయన కీబోర్డు ముట్టుకోలేదు. పెట్టె ముందున్న అద్దం పలకను ఊడదీసి మంచం మీద పెట్టాడు. 97 డిగ్రీలు చూపిస్తున్న ప్రాసెసరు పావుగంటలో 84కి దిగింది.

"ఏమైందన్నా దీనికి?" అని అడిగాం.

"దీనికి జబ్బేం లేదురా. ఊపిరాడటం లేదు, అంతే" అన్నాడు.

ఆ ఒక్క మాటే ఈ వ్యాసానికి మూలం. మన బజారులో క్యాబినెట్ అని పిలిచే ఆ ఇనప పెట్టెను (చాలామంది దాన్నే పొరపాటున సి.పి.యు. అంటారు) మనం ఆఖర్న, మిగిలిన డబ్బుతో, అందం చూసి కొంటాం. మేమూ అలాగే కొన్నాం. ముందంతా నల్లటి అద్దం, దాని వెనక రంగు రంగుల దీపాలతో మూడు ఫ్యాన్లు. చూడ్డానికి పెళ్ళి పందిరిలా ఉండేది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి సరే, పీల్చుకోవడానికి వాటికి గాలి ఏదీ?

వేడి ఎక్కణ్ణించి వస్తుంది?

కంప్యూటరు తాగే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. 300 వాట్లు తాగే యంత్రం 300 వాట్ల హీటరుతో సమానం. ఇందులో మనకు దాపరికం అక్కర్లేదు, శక్తి నిత్యత్వ నియమం ఇంటర్మీడియెట్‌లోనే చదువుకున్నాం.

ఒకప్పుడు ఈ బాధ లేదు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లోని 8088 ప్రాసెసరు మీద హీట్‌సింక్ కూడా ఉండేది కాదు. 1993లో పెంటియం వచ్చేసరికి ప్రాసెసరు నెత్తిన లోహపు రెక్కలు, వాటి మీద చిన్న ఫ్యాను మామూలైపోయాయి. 2004లో ఇంటెల్ సంస్థ, చల్లటి గాలి ముందు నుంచి తిన్నగా ప్రాసెసరు మీదుగా పోయేటట్టు బి.టి.ఎక్స్. అనే కొత్త అమరికనే తెచ్చింది. తక్కువ వేడి పుట్టించే ప్రాసెసర్లు రావడంతో 2006లో దాన్ని వదిలేసింది. అందుచేత 1995 నాటి ఎ.టి.ఎక్స్. అమరికే నేటికీ మన బల్లల మీద ఉంది. కానీ వేడి మాత్రం మళ్ళీ పెరిగింది. ఈనాడు ఒక మోస్తరు ప్రాసెసరు 65 నుంచి 125 వాట్లు, గ్రాఫిక్సు కార్డు ఒక్కటే 150 నుంచి 300 వాట్లు తీసుకోవడం సాధారణం.

రెండు బిందెల గాలి

వేడిని ఎవరూ మాయం చేయలేరు. ఒకచోటు నుంచి ఇంకొక చోటుకు తరలించగలం, అంతే. ప్రాసెసరులో పుట్టిన వేడి హీట్‌సింక్‌కు, అక్కణ్ణించి పెట్టెలోని గాలికి, ఆ గాలితో పాటు గదిలోకి చేరాలి. ఈ మూడో మజిలీయే క్యాబినెట్ బాధ్యత.

ఎంత గాలి కావాలో చిన్న లెక్క వేద్దాం. ఒక ఘనమీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. ఒక కిలో గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1000 జౌళ్ళు కావాలి. 300 వాట్లంటే సెకనుకు 300 జౌళ్ళు. పెట్టెలోంచి పోయే గాలి, గది గాలి కన్నా 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదనుకుంటే, 300ని 1.2 × 1000 × 10 చేత భాగించాలి. వచ్చేది 0.025 ఘనమీటరు, అనగా సెకనుకు 25 లీటర్లు. రెండు బిందెల గాలి ప్రతి సెకనూ లోపలికి వచ్చి బయటికి పోవాలన్నమాట. ఫ్యాను డబ్బాల మీద రాసే సి.ఎఫ్.ఎం. లెక్కలో ఇది 53 దాకా ఉంటుంది.

ఒక మంచి 120 మిల్లీమీటర్ల ఫ్యాను డబ్బా మీద అంతకంటే ఎక్కువే రాసి ఉండొచ్చు. కానీ ఆ అంకె ముందూ వెనకా ఏ అడ్డూ లేకుండా కొలిచింది. ఫ్యానుకు అంగుళం దూరంలో అద్దం గోడ కట్టి, పక్కన వేలెడు సందు వదిలితే అందులో ఎంత మిగులుతుందో ఊహించుకోండి.

ఇక్కడే ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. గాలితో చల్లబడే ఏ యంత్రమూ గది కన్నా చల్లగా ఉండలేదు. నేటి ప్రాసెసర్లు చాలావరకు 95, 100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఇంకా వేడెక్కితే ఆరిపోతాయి. డిసెంబరులో గది 25 డిగ్రీలుంటే పైన 70 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. ఏప్రిల్‌లో గది 40కి చేరితే అందులో 15 డిగ్రీలు ఎండే తినేస్తుంది. మేం కొన్నది డిసెంబరులో. అప్పుడు అంతా బ్రహ్మాండంగానే నడిచింది! రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు చూసేవాళ్ళకు ఈ లెక్క ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

గాలికి దారి కావాలి

ఎదురెదురుగా కిటికీలున్న గదిలో గాలి ఆడుతుంది. ఒకే కిటికీ ఉన్న గదిలో ఎంత పెద్ద ఫ్యాను తిప్పినా ఉక్కపోత పోదు. క్యాబినెట్‌కూ ఇదే సూత్రం. చల్లగాలి ముందు వైపు నుంచి వచ్చి, గ్రాఫిక్సు కార్డును, ప్రాసెసరును తాకుతూ, వెనక పైభాగం నుంచి పోవాలి. మామూలు అవసరానికి ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే చాలు. లోపలికి వచ్చేది కాస్త ఎక్కువగా ఉంటే, దుమ్ము అడ్డమైన సందుల్లోంచీ దూరకుండా ఫిల్టరున్న దారినే వస్తుంది. పై కప్పుకు ఫ్యాను పెడితే వెనక మూలకే పెట్టాలి. ముందు మూలకు పెడితే, అప్పుడే లోపలికొచ్చిన చల్లగాలిని ప్రాసెసరుకు అందకుండానే బయటికి లాగేస్తుంది.

ఫ్యాను ఏ వైపుకి గాలి తోస్తుందో తెలియాలంటే, మోటారును పట్టి ఉంచే అడ్డపట్టీలు ఎటు ఉన్నాయో చూడండి. సాధారణంగా గాలి అటువైపుకే వెళుతుంది. అన్ని ఫ్యాన్లనూ ఒకే దిక్కుకు బిగించిన పెట్టెలు నేను చూశాను!

దుకాణంలో ఏం చూడాలి?

మొదటిది, ముఖం. ముందు పలక సన్నటి ఇనప జాలీ అయి ఉండాలి. చేతి దీపం వెనక నుంచి వేసి చూడండి. వెలుతురు ధారాళంగా వస్తే గాలీ వస్తుంది. అద్దం, ప్లాస్టిక్ పలక ఉంటే పక్కల సందు ఎంతో వేలు పెట్టి చూడండి. పక్క అద్దంతో పేచీ లేదు, ముందు అద్దంతోనే.

రెండవది, ఫ్యాన్ల జాగా. ఎన్ని ఇచ్చారన్నదే కాదు, 120 లేక 140 మిల్లీమీటర్లవి ఎన్ని పడతాయో అడగండి. పెద్ద ఫ్యాను నిదానంగా తిరిగి అంతే గాలినిస్తుంది. వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది గాని, తాగే కరెంటు ఎనిమిదో వంతుకు, చప్పుడు సుమారు 15 డెసిబెళ్ళు కిందికి దిగుతాయి. పక్క మంచం మీద నిద్రపోయే మిత్రుడి దీవెనలు అదనం.

మూడవది, దుమ్ము ఫిల్టర్లు. ముందు ఒకటి, కింద ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర ఒకటి, స్క్రూడ్రైవరు అక్కర్లేకుండా చేత్తో ఊడివచ్చేవి కావాలి. ఊడదీయడం కష్టమైన ఫిల్టరును ఎవరూ కడగరు. మనమైతే అసలే కడగం.

నాల్గవది, కొలతలు. మదర్‌బోర్డు ఎ.టి.ఎక్స్. అయితే 305 × 244, మైక్రో ఎ.టి.ఎక్స్. అయితే 244 × 244 మిల్లీమీటర్లు. దానితో పాటు గ్రాఫిక్సు కార్డు పొడవు, ప్రాసెసరు కూలరు ఎత్తు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. బోర్డు వెనక తీగలు దాచే జాగా కూడా చూడండి. గాలి దారిలో తీగల గుట్ట ఉంటే, అదీ ఒక అడ్డుగోడే.

కొన్ని అపోహలు

పెట్టె పెద్దదైతే చల్లగా ఉంటుందంటారు. దారి లేకపోతే పెద్ద పెట్టె కూడా కాస్త ఆలస్యంగా కాగే పొయ్యే. నీటి కూలరు పెడితే చాలంటారు. ఆ నీటిని చల్లబరిచేది కూడా రేడియేటరు గుండా పోయే గాలేనని మరిచిపోకండి. పక్క తలుపు తీసి ఉంచితే మేలంటారు. మూసుకుపోయిన పెట్టెకు అది నిజమే. కానీ మంచి పెట్టెలో గాలి వరస చెడుతుంది, దుమ్ము నేరుగా పడుతుంది, బల్లి దూరినా దిక్కులేదు.

కొన్న తర్వాత కూడా మన పని కొంత ఉంది. పెట్టెను నేల మీద, మంచం కింద పెట్టకండి. వెనక గోడకు జానెడు దూరం వదలండి. నెలకోసారి ఫిల్టర్లు దులపండి. లోపలి ఫ్యాన్లను గాలి కొట్టి శుభ్రం చేసేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితో ఆపండి. ఇప్పటికే ఉన్న పెట్టె మీద అనుమానముంటే మా సీనియరు పరీక్షే చేయండి. బరువైన పని నడిపి వేడి రాసుకోండి, ముందు పలక తీసి మళ్ళీ రాసుకోండి. అంకె బాగా దిగితే దోషం ముఖానిదే.

ఇంతకీ మా సంగతేమైందంటే, కొత్త పెట్టెకు డబ్బుల్లేవు. అద్దం పలక తీసేసి, దాని స్థానంలో కిటికీకి కొట్టే దోమల జాలీ ముక్క బిగించాం. ప్రాజెక్టు ఒక రోజు ముందే పూర్తయింది. ఆ అద్దం మాత్రం వృథా పోలేదు. నలుగురం దాంట్లో చూసుకునే తల దువ్వుకుంటున్నాం. మిత్రులారా, మీరు అద్దాన్ని వేరే కొనుక్కోండి. కంప్యూటరుకు మాత్రం గాలి ఆడే పెట్టెను కొనండి.