స్పీకరు గురక పెట్టిన సాయంత్రం

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. మా హోసూరు ప్రాంతపు తెలుగు బడిలో చిన్న తరగతుల పిల్లలు పద్యాలు చదువుతుంటే ముందే రికార్డు చేసి పెట్టుకున్నాం. వేదిక ఎక్కితే కొందరికి గొంతు పెగలదు కదా, అందుకని. ఆ రికార్డులు వినిపించే పెట్టెను తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు తయారుచేశాడు. ఐదు వోల్టుల ఎంపీ3 బోర్డు, చిన్న ఆంప్లిఫయర్, వాటికి కరెంటు ఇచ్చే పవర్ సప్లయ్. తరగతి గదిలో మూడు రోజులు పెట్టి చూశాం. శుభ్రంగా పలికింది.

సాయంత్రం తల్లిదండ్రులంతా వచ్చి కూర్చున్నాక వాల్యూమ్ పెంచాం. గుర్ర్‌ర్ అని మొదలైంది. పిల్లల గొంతు హెచ్చినప్పుడల్లా ఆ గురకా హెచ్చింది. వెనక వరసలో కూర్చున్న ఒక నాయనమ్మ, "మా పాప పద్యం ఎప్పుడొస్తుంది సార్?" అని అడిగారు. ఆ పాప పద్యం అప్పటికే అయిపోయింది.

ఆ కంగారులో మేము అబ్బాయిని పట్టుకుని, రెగ్యులేటర్ తప్పుగా కలిపి ఉంటావన్నాం. "లేదు సార్, సరిగానే కలిపాను" అన్నాడు. మేము నమ్మలేదు. మర్నాడు మల్టీమీటర్ పెట్టి, కాగితం మీద లెక్క వేసి చూస్తే అతను చెప్పిందే నిజం. రెగ్యులేటర్ సరిగానే ఉంది. తప్పు దానికి ముందున్న భాగంలో ఉంది. మిగతా బడుల్లో కూడా సైన్సు ప్రదర్శనలకు పిల్లలు ఇలాంటి పెట్టెలే చేస్తున్నారు కాబట్టి ఆ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాం.

ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టుల ఏసీ. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 9 వోల్టులకు దించుతుంది. నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఆ ఊగిసలాటను ఒకే దిక్కుకు తిప్పుతుంది. తెలుగు పుస్తకాల్లో 'ఏకధిక్కరణి' అనేది దీన్నే. పిల్లలకు ఆ మాటా చెప్పాలి, రెక్టిఫయర్ అన్న మాటా చెప్పాలి. రేపు పాలిటెక్నిక్‌లో వాళ్లకు వినపడేది రెండోదే. బ్రిడ్జి దాటాక కరెంటు ఒకే వైపు నడుస్తుంది గాని నిలకడగా ఉండదు. సెకనుకు 100 సార్లు గుట్టలా లేచి, సున్నా దాకా పడుతుంది.

ఆ గుంటలను పూడ్చేది పెద్ద కెపాసిటర్. మేడ మీది నీళ్ల ట్యాంకు లాంటిది. మోటారు నడిచినప్పుడు నిండుతుంది, ఆగినప్పుడు తనలోని నీళ్లు ఇస్తుంది. కొళాయి తిప్పి ఉంచితే మట్టం కొంత దిగుతుంది, మోటారు మళ్లీ నింపుతుంది. ఈ దిగడం ఎక్కడం సెకనుకు 100 సార్లు జరుగుతుంది. దాని పేరే రిపుల్. స్పీకరులో గురకగా వినిపించేది ఇదే.

ఎంత దిగుతుందో సులువుగా లెక్క కట్టవచ్చు. వాడే కరెంటును 100తోనూ, కెపాసిటర్ విలువతోనూ భాగిస్తే చాలు. మా పెట్టెలో ఉన్నది 1000 మైక్రోఫారడ్. మెల్లగా పలికేటప్పుడు 0.1 ఆంపియర్ వాడితే రిపుల్ 1 వోల్టు. గట్టిగా పలికేటప్పుడు 0.5 ఆంపియర్ అయితే 5 వోల్టులు. నిజంగా కొలిస్తే ఇంతకంటే కొంత తక్కువే ఉంటుంది, ఎందుకంటే ట్యాంకు ఖాళీ అయ్యే సమయం ఈ లెక్కలో కాస్త ఎక్కువగా పట్టుకున్నాం. పిల్లలకు నేర్పడానికి ఈ లెక్క చాలు.

ఇక రెగ్యులేటర్. ఈ మాట వినగానే మా పిల్లల్లో సగం మంది ఫ్యాను రెగ్యులేటర్ అనుకున్నారు. కొందరు ఫ్రిజ్ పక్కన పెట్టే స్టెబిలైజర్ అనుకున్నారు. రెండూ కాదు. దీనికి దగ్గరి చుట్టం వంటగదిలో ఉంది: గ్యాస్ సిలిండర్ మీది రెగ్యులేటర్. సిలిండర్ లోపల ఒత్తిడి ఎండకు పెరిగినా, చలికి తగ్గినా పొయ్యికి వెళ్లేది ఒకే ఒత్తిడి. మూడు కాళ్ల 7805 చేసే పనీ అదే. లోపల మారని వోల్టేజి ఒకటి కొలబద్దగా ఉంటుంది. బయటికి వెళ్తున్న వోల్టేజిలో కొంత భాగాన్ని దానితో ఎప్పటికప్పుడు పోల్చి చూస్తుంది. కాస్త పెరిగితే మధ్యలో ఉన్న ట్రాన్సిస్టర్ అనే కొళాయిని బిగిస్తుంది, తగ్గితే వదులు చేస్తుంది. సెకనుకు 100 సార్లు వచ్చే అల దానికి చాలా నెమ్మదైన వ్యవహారం. అల లేచేలోపే కొళాయి బిగుస్తుంది. 7805 డేటాషీట్‌లో ఈ గుణాన్ని రిపుల్ రిజెక్షన్ అంటారు. అది 60 డెసిబెల్‌కు పైగానే ఉంటుంది. అంటే ముందు 1 వోల్టు రిపుల్ ఉంటే వెనక 1 మిల్లీవోల్టు మించదు. వెయ్యో వంతు!

ఇంత చేసే పరికరం ఉండగా మా స్పీకరు ఎందుకు గురక పెట్టింది?

కొళాయి నీటిని ఆపగలదు గాని లేని నీటిని తేలేదు. 7805 బయటికి 5 వోల్టులు ఇవ్వాలంటే లోపలికి దాదాపు 7 వోల్టులైనా ఎప్పుడూ అందుతూ ఉండాలి. సగటు లెక్కలోకి రాదు, అల దిగిన చోట కూడా 7 ఉండాలి. మా 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ శిఖరం 12.7 వోల్టులు. రెండు డయోడ్లు 1.4 తినేస్తే మిగిలేది 11.3. మెల్లగా పలికేటప్పుడు అల 10.3 దగ్గర ఆగింది, ఇబ్బంది లేదు. గట్టిగా పలికేటప్పుడు 6.3కు పడింది. ఆ క్షణాల్లో కొళాయి పూర్తిగా తెరుచుకున్నా ఐదు వోల్టులు రావు. లోపలి గుంట ఉన్నదున్నట్టు బయటికి వచ్చేస్తుంది. తరగతి గదిలో వాల్యూమ్ తక్కువ పెట్టాం కాబట్టి మూడు రోజులూ ఈ లోపం దాగింది.

మల్టీమీటర్ కూడా మమ్మల్ని కొంత దారి తప్పించింది. డీసీ మీద పెడితే సగటు చూపిస్తుంది, గుంట కనపడదు. చవక మీటర్లలో ఏసీ వైపు అన్నిటికంటే చిన్న మెట్టే 200 వోల్టులు, ఒకటి రెండు వోల్టుల అల దానికి ఆనదు. చివరికి చెవే మేలనిపించింది. 100 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ ప్లస్ కాలును సప్లయ్ ప్లస్‌కు కలిపి, రెండో కాలు నుంచి చిన్న స్పీకరు గుండా మైనస్‌కు కలిపాం. కలిపిన క్షణం టక్‌మంటుంది. తర్వాత రెగ్యులేటర్‌కు ముందు పెడితే గుయ్‌మని వినిపిస్తుంది, వెనక పెడితే నిశ్శబ్దం. బోర్డు మీద గంటసేపు చెప్పినా పిల్లలకు పట్టనిది ఇక్కడ అర నిమిషంలో పట్టింది.

సరిచేయడం తేలికే. 1000 తీసి 4700 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ వేశాం. ఇప్పుడు గట్టిగా పలికినా రిపుల్ ఒక వోల్టుకు అటూ ఇటూ. అల 10 దగ్గరే ఆగుతుంది. ఇంట్లో కరెంటు 180 వోల్టులకు పడిపోయినా లెక్క ప్రకారం 7.5 దాకా మిగులుతుంది. మరీ ఎక్కువ వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఇంకా నయం కదా అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఎక్కువైన వోల్టులన్నీ 7805 వేడిగా మార్చేస్తుంది. మా పెట్టెలోనే గట్టిగా పలికేటప్పుడు 3 వాట్ల దాకా వేడి పుడుతోంది, అల్యూమినియం హీట్ సింక్ లేకపోతే ముట్టుకోలేం. రెగ్యులేటర్ కాళ్ల దగ్గర, లోపలి వైపు 0.33, బయటి వైపు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు కూడా వేయించండి. 7805 చురుకు 100 సార్ల అల ముందు సరిపోతుంది గాని, అంతకంటే చాలా వేగంగా వచ్చే అలల ముందు తగ్గుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. 230 వోల్టుల వైపు పని పిల్లల చేతికి ఇవ్వకండి. ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యూజు, వైర్లు మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో టీచరే బిగించి ఇవ్వాలి. 9 వోల్టుల వైపు నుంచి పిల్లల ఇష్టం.

అబ్బాయిని పిలిచి, నువ్వు సరిగానే కలిపావు, మేమే తొందరపడ్డాం అని తరగతి ముందే చెప్పాం. అతను వెంటనే, "అయితే కెపాసిటర్ ఎంత వేయాలో ముందే ఎందుకు చెప్పలేదు సార్?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. తర్వాతి తల్లిదండ్రుల సమావేశంలో ఆ రికార్డులు మళ్లీ పెట్టాం. నాయనమ్మ ఈసారి ముందు వరసలోనే కూర్చున్నారు, అక్కర లేకపోయినా.