పాత బూటుకు కొత్త రంగు

రాజాం దగ్గర పల్లె నుంచి ఒక కుర్రాడు శ్రీకాకుళం వచ్చాడనుకోండి. వచ్చే వారం అతనికి విశాఖపట్నంలో ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. చొక్కా ఉంది. ప్యాంటు ఉంది. కాళ్లకి మాత్రం హవాయి చెప్పులే. కొత్త తోలు బూట్లు కొనాలంటే వెయ్యి రూపాయలు దాటిపోతుంది. రోడ్డు పక్కన గోనెపట్టా మీద పాత బూట్లు పరిచి అమ్ముతున్నారు. అందులో ఒక జత అతని కాలికి సరిపోయింది. కానీ రంగు వెలిసిపోయింది. ముక్కు దగ్గర గీసుకుపోయింది. కొనాలా, వద్దా?

పక్కనే చెప్పులు కుట్టే తాత ఉన్నాడు. కుర్రాడు ఆయన్ని అడిగాడు.

“తాతా, ఇది తోలేనా?”

“లోపలి అంచు చూడు బాబూ. గుడ్డ కనబడితే రెగ్జిను. పీచు కనబడితే తోలు.”

గుర్తు అదే. తోలును కోసిన చోట సన్నటి పీచు కనబడుతుంది. రెగ్జిను అంటే గుడ్డ మీద వేసిన ప్లాస్టిక్ పూత. అది పొరలుగా ఊడుతుంటే ఏ రంగూ నిలవదు. బూటును వంచి కూడా చూడాలి. మడత దగ్గర లోతుగా పగుళ్లు ఉంటే ఒగ్గేయాలి. రంగు పగుళ్లను అతికించదు. అడుగు అట్ట ఊడితే మాత్రం భయం లేదు. కుట్టించుకోవచ్చు.

అసలు తోలు ఎలా తయారవుతుంది? పచ్చి చర్మం రెండు రోజులు ఉంటే కుళ్లిపోతుంది. కుళ్లకుండా దాన్ని పదును చెయ్యాలి. పూర్వం తెలుగు పల్లెల్లో తంగేడు పట్ట, కరక్కాయ నానబెట్టిన నీళ్లలో చర్మాన్ని ఊరబెట్టేవారు. కరక్కాయ కొరికితే నోరు పట్టేసినట్టు ఉంటుంది కదా! ఆ వగరే చర్మంలోకి దిగి దాన్ని తోలుగా మారుస్తుంది. ఇప్పుడు ఎక్కువ తోళ్లను క్రోమియం అనే లోహపు లవణాలతో పదును చేస్తున్నారు.

ఈ పని తెలిసినవాళ్లను ఊరి చివర ఉంచారు. వాళ్లు కుట్టిన చెప్పులను మాత్రం ఊరంతా తొడుక్కుంది. అదే తోలు మీద పరిశోధన చెయ్యడానికి 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టారు. అంటే అది ఎంత పెద్ద విద్యో చూడండి.

ఇక రంగు సంగతి. చాలామంది పాలిష్‌నే రంగు అనుకుంటారు. రెండూ ఒకటి కాదు. పాలిష్‌లో మైనం ఉంటుంది. అది గోడకి సున్నం వేసినట్టు పైన నిలుస్తుంది. తోలు రంగు నూలుకి అద్దిన రంగులాగ లోపలికి ఇంకుతుంది. రంగు పోయిన బూటుకి ఎంత పాలిష్ రాసినా నాలుగు రోజులే మెరుపు.

రంగు ఇంకాలంటే పాత పూత పోవాలి. ముందు లేసులు తియ్యాలి. దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టాలి. తర్వాత దూదికి స్పిరిట్ గాని, గోళ్ల రంగు తుడిచే అసిటోన్ గాని కొంచెం అద్ది మెల్లగా రుద్దాలి. పాత మైనం, మెరుపు పూత దూదికి అంటుకుని వచ్చేస్తాయి. ఇక్కడే జాగ్రత్త. ఈ రెండూ గుప్పున అంటుకుంటాయి. పొయ్యి దగ్గర గాని, బీడీ కాలుస్తూ గాని ఈ పని చెయ్యకూడదు. తలుపులు తీసి ఉంచాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

తోలు రంగు చిన్న సీసాల్లో దొరుకుతుంది. లేత రంగు మీద ముదురు రంగు పడుతుంది. నల్ల బూటును గోధుమ రంగు చెయ్యాలంటే కుదరదు. ముందు బూటు నాలుక కింద, కనబడని చోట ఒక చుక్క రాసి చూడాలి. అది ఆరాక నచ్చితేనే మిగతాది. మెత్తటి గుడ్డతో పలచగా రాయాలి. ఒకేసారి ముద్దగా పట్టిస్తే మచ్చలు తేలతాయి. ఒక పూత బాగా ఆరాకే రెండోది. అంతా ఆరాక పొడిగుడ్డతో రుద్దాలి. గుడ్డకి రంగు అంటినంతసేపు రుద్దుతూనే ఉండాలి. చాలామంది ఈ పని ఎగ్గొడతారు. తర్వాత ప్యాంటు అంచు పాడయిందని ఏడుస్తారు. ఆఖర్న పాలిష్ రాసి బ్రష్ కొట్టాలి.

మన వైపు తోలు చెప్పులు మెత్తబడ్డానికి ఆముదం రాస్తారు. ఆ అలవాటు మంచిదే. కానీ రంగు వేసే ముందు రాయకూడదు. జిడ్డు మీద రంగు పట్టదు.

సముద్రం దగ్గర ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో మూలన పడేసిన బూటుకి బూజు పడుతుంది. దాన్ని బయట తుడిచి, గాలి తగిలేలా ఉంచాలి. వానకి తడిసిన బూటును పొయ్యి పక్కన పెట్టకూడదు. తోలు బిగుసుకుపోయి పగులుతుంది. లోపల పాత న్యూస్‌పేపరు కుక్కి నీడలో ఉంచాలి. కాగితం తడిస్తే మార్చాలి.

“ఇంటర్వ్యూ ఎప్పుడు బాబూ?” అని తాత అడిగాడు.

“సోమవారం.”

“అయితే ఇవాళే రంగు పెట్టుకో. ముందు రెండు రోజులు ఇంట్లో తొడుక్కుని తిరుగు. పాత మేజోళ్లు వేసుకో. తెల్లవి వద్దు.”