నష్టపు లెక్క చెప్పుకొనుటకొక చోటు

విజయవాడనుండి హైదరాబాదునకు పోవు రహదారి కంచికచర్ల దాటి, కీసరవద్ద మునేటిని దాటి, నందిగామ, చిల్లకల్లుల మీదుగా జగ్గయ్యపేట పొలిమేరలను చేరువరకు ఇరుప్రక్కల కానవచ్చు నేల, కృష్ణాజిల్లా యన్నంతనే మన మనస్సున మెదలు వరిచేల నేల కాదు. కృష్ణ ఆనకట్టకు దిగువనున్న డెల్టా 1855 నాటినుండి కాలువ నీటిని నమ్ముకొని నిబ్బరముగా వరి పండించుచుండగా, ఎగువనున్న ఈ మెట్టసీమ వానను, చెరువును, తరువాతి కాలమున బోరును నమ్ముకొని జొన్నయు, కందియు పండించుకొనుచు వచ్చినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర నిర్మాణమునకై ఈ సీమకే చెందిన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదు ఎంతగా పాటుపడినను, ఈ భూములు ఎడమకాలువ చివరికొసన నుండుటచే, నీరు చేరిన యేడును చేరని యేడును ఇచటి రైతు లెక్కలో వేరువేరుగనే యున్నవి. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతము ఎన్టీఆర్ జిల్లాలోనికి పోయినది. పేరు మారినదేకాని, నల్లరేగడి మారలేదు, ఆ రేగడిలో పండు ప్రత్తియు, మిరపయు మారలేదు.

ఈ రెండు పైరులును నడిమి దారి ఎరుగనివి. మిరపతోటకు విత్తనము, నారు, ఎరువు, మందు, కోతకూలి కలిసి ఎకరమునకు లక్ష రూపాయలకు మించిన పెట్టుబడి అగును. ధర పలికిన సంవత్సరమున అప్పు తీరి ఇల్లు లేచును, పలుకని సంవత్సరమున ఇంటిలోని బంగారము తాకట్టుకు పోవును. గెలుపోటముల నడుమ ఇంత అంతరమున్న చోట, గెలిచినవాడు ఎట్లు గెలిచెనో, ఓడినవాడు ఎచట తప్పెనో పదిమందికి తెలియుట యెల్లవారికిని మేలు. అయినను, ఆ సంగతి తెలియకుండుటకు కావలసిన ఏర్పాట్లన్నియు ఊరిలోనే యున్నవి. ఉదయము టీ కొట్టువద్ద ఇరువురు కలిసినపుడు సాగు సంభాషణ సాధారణముగా ఇట్లుండును:

"ఎట్టా ఉంది మామా చేను?"

"ఏదో, పర్లేదురా అల్లుడూ. నీదెట్టా ఉంది?"

"మాదీ అంతే మామా."

ఇరువురును ముందురోజు సాయంకాలము అదే పురుగుకు రెండు వేరువేరు మందులు కొట్టి వచ్చినవారే కావచ్చును. ఈ మౌనమును అహంభావమనియో, అజ్ఞానమనియో కొట్టివేయుట పట్టణవాసులకు సులభము. కాని దీనికి గట్టి కారణములు కలవు. చేను పోయినదని తెలిసిననాడు ఎరువుల కొట్టులో అరువు ఆగును. అప్పు ఇచ్చినవాడు నోటు తిరుగవ్రాయుమని వచ్చును. పెండ్లికెదిగిన పిల్ల ఇంట నున్నచో సంబంధము మాటలాడువారు వెనుదీయుదురు. నష్టమును దాచుట ఇట్లుండగా, లాభమును దాచుటకును కారణములు తక్కువ లేవు: దిగుబడి బాగున్నదన్న మాట పొక్కినచో భూస్వామి మరుసటి ఏటి కౌలు పెంచును, చుట్టములు చేబదులు అడుగుదురు, దిష్టిభయము ఉండనే యుండును. కావున నోరు విప్పుటకు ఖరీదున్నది. పేదవాడు ఆ ఖరీదును భరింపలేక మిన్నకుండుచున్నాడు. మనస్సు విప్పి మాటలాడుకొనుడని ఉపదేశించు వారందరును మొదట ఎరుగవలసిన సత్యమిదియే.

అయితే మౌనమునకును ఖరీదున్నది. అది ఆలస్యముగ వచ్చును, ఊరంతటికి ఒకేసారి వచ్చును. 1980 ప్రాంతమున సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మార్కెటులోనికి వచ్చినపుడు, ప్రత్తికాయను తొలుచు శనగపచ్చ పురుగు పీడ ఇక విరగడయైనట్లే తోచెను. కాని ఆ మందులను మరల మరల చల్లిన కొలది, ఆకుల అడుగున నుండి రసము పీల్చు తెల్లదోమను అదుపులో నుంచుచు వచ్చిన మిత్రపురుగులు నశించి, దోమ విజృంభించెను. దోమకై మరియొక మందు, దానిపై వేరొక మందు కొట్టిన పిమ్మట, 1987–88లో ప్రకాశము, గుంటూరు జిల్లాలలో ప్రత్తిరైతుల ఆత్మహత్యలతో ఆ కథ దేశమంతటికి తెలిసినది. పది సంవత్సరముల తరువాత, 1997–98లో, వరంగల్లు ప్రాంతమున అదే విషాదము మరికొన్ని పురుగుల పేర జరిగెను. 2002లో అనుమతి పొందిన బీటీ ప్రత్తి శనగపచ్చ పురుగును చాలవరకు అణచినను, కొలది సంవత్సరములలోనే గులాబీరంగు పురుగు దానికి అలవాటుపడెను.

మిరపకు వచ్చిన ఆపద ఇటీవలిది. ఆగ్నేయాసియానుండి వచ్చి, మన దేశమున 2015లో బెంగుళూరు ప్రాంతపు బొప్పాయిపై మొదట గుర్తింపబడిన నల్ల తామరపురుగు, 2021నాటి పంటకాలమున ఆంధ్ర తెలంగాణముల మిరపతోటలపై విరుచుకుపడెను. అది పూవులో చేరి రసము పీల్చుటచే పూత రాలి, పిందె నిలువకపోవుటతో, పెట్టుబడి యంతయు పెట్టిన తోటలను రైతులు కాపు రాకముందే పెరికివేసిరి. ప్రక్కచేనివాడు ఏదో మందు కొట్టినాడని చూచి, అది పనిచేసినదో లేదో అడుగక, తానును దానినే రెండింతలుగా కొట్టినవారికి కొదువ లేదు. కొట్టినవాడు అది పనిచేయలేదని చెప్పలేదు, చూచినవాడు అడుగలేదు, పురుగుమాత్రము బలిసెను. అరువు పెట్టువాడును, మందు చెప్పువాడును ఒక్కడే యైనపుడు, ఈ మందు వలదని చెప్పు గొంతు ఆ బేరములో ఉండదు కదా.

ఇట్టి చిక్కుముడిని విప్పుటకు కనుగొన్న ఉపాయములలో పొలంబడి ఒకటి. దాని పుట్టుక ఇండొనేషియాలో. వరిని నాశనము చేయుచున్న సుడిదోమకు విచ్చలవిడిగా మందు చల్లుటే కారణమని గ్రహించిన ఆ దేశ ప్రభుత్వము 1986లో వరిపై 57 రకముల మందులను నిషేధింపగా, ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1989లో రైతులకై పొలములోనే బడి తెరచిరి. ఆ పద్ధతి ఆసియాయంతట వ్యాపించి, మన రాష్ట్రమున వ్యవసాయశాఖవారి చేతిలో పొలంబడి అను పేర నిలిచినది. ఈ బడికి గోడలు లేవు, ఉపన్యాసము లేదు. 25 నుండి 30 మంది రైతులు వారమున కొకనాడు ప్రొద్దున్నే ఒక చేనివద్ద కలిసికొని, నలుగురైదుగురు చొప్పున విడివడి, కొన్ని మొక్కలను వేరునుండి చిగురువరకు పరీక్షించి, శత్రుపురుగులెన్ని, మిత్రపురుగులెన్ని, నేలలో తేమ ఎంత, వాతావరణ మెట్లున్నది అను విషయములను పెద్ద కాగితముపై బొమ్మగీసి, పదుగురియెదుట చదివి, వాదించి, ఆ వారము చేయవలసిన పనిని తామే తీర్మానింతురు. ఆ చేనిలో ఒక మడిని అలవాటుప్రకారము, వేరొక మడిని సమగ్ర సస్యరక్షణ ప్రకారము సాగుచేసి, రెండింటి ఖర్చును, దిగుబడిని కాలాంతమున ప్రక్కప్రక్కన వ్రాసి చూతురు. సాలీడును, అక్షింతల పురుగును పచ్చదోమతోకూడ సీసాలో నుంచి, గుడ్డ కట్టి, ఏది దేనిని తినునో కన్నులార కాంచుట ఈ చదువులో ముచ్చటైన పాఠము.

జగ్గయ్యపేట చేరువ గరికపాడులో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన కృషి విజ్ఞాన కేంద్రమున్నది. 1974లో పుదుచ్చేరిలో మొదటిది వెలసిన ఇట్టి కేంద్రములకు విధింపబడిన పనులలో ముఖ్యమైనది ఇది: పరిశోధనాక్షేత్రమున తేలిన విషయమును రైతు చేనిలో, రైతు చేతిమీదుగా పరీక్షించి చూపుట. పరిశోధనాక్షేత్రమున నెగ్గినది రేగడిచేనిలో ఓడిపోవుటయు కలదు. ఆ ఓటమిని శాస్త్రజ్ఞుడే రైతులయెదుట ఒప్పుకొన్ననాడు, అతని తరువాతి మాటకు విలువ హెచ్చును.

పొలంబడి చేసిన మేలు పురుగులను గుర్తించుట నేర్పుటయే యనుకొన్నచో సగము మేలును విడిచినట్లే. మౌనమునకు కారణమైన ఖరీదును అది తగ్గించినది. అది దాని యసలు మేలు. ఎట్లనగా, ఆ గుంపులో ఎవరును ఎవరిని నీవేమి తప్పు చేసితివని అడుగరు. మొక్కమీద ఏమున్నదని మాత్రమే అడుగుదురు. పైది, నడిమిది, క్రిందిది మూడాకులు త్రిప్పి తెల్లదోమను లెక్కించుచున్న ఇరువురి మాటలను ఊహించుకొనుడు:

"నీ ఆకుల కింద ఎంతుంది బాబాయ్ దోమ?"

"ఒక్కోదాని కింద పది దాకా ఉందిరా అబ్బాయ్."

"మా వైపు నాలుగే ఉంది. ఇంకా మందు కొట్టలేదు."

"నేను మూడుసార్లు కొట్టాను."

ఈ చివరి మాట టీ కొట్టువద్ద పుట్టెడి మాట కాదు. ఇచట అది ఒప్పుకోలుగ రాలేదు, లెక్కలో భాగముగ వచ్చెను. సిగ్గుపడవలసిన పని లేకపోయెను. వినినవాడు జాలిపడలేదు, ఎగతాళి చేయలేదు, కాగితముమీద వ్రాసికొనెను. మూడుసార్లు కొట్టిన చేనిలో దోమ ఎక్కువయై, కొట్టని చేనిలో తక్కువయైనదేల యన్న ప్రశ్న అంతవరకు ఒక్కని దౌర్భాగ్యముగ నున్నది, ఆ క్షణమున పాతికమంది విచారింపదగిన విషయమైనది. మనుష్యుని విడిచి పనిని ముందిడుకొన్నపుడు నిజము తనంతట తాను వెలువడును.

ఈ నిజము ఊరినే మార్చగలదనుటకు పొరుగున దృష్టాంతమున్నది. పూర్వపు ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామస్థులు పురుగుమందుల ఖర్చుచే అప్పులలో మునిగియుండి, ఈ శతాబ్దపు తొలియేండ్లలో ఒక స్వచ్ఛంద సంస్థ సాయమున వేపకషాయము, ఎరపంటలు, లింగాకర్షక బుట్టలవంటి పద్ధతులకు మరలిరి. మొదట కొందరు ప్రయత్నించి ఖర్చు తగ్గుటను చూపగా, తక్కినవారు అనుసరించిరి. మందులవ్యాపారులే ఋణదాతలు గావున వారి ఒత్తిడి తగులకపోలేదు. స్త్రీల సంఘములు పట్టుపట్టి నిలువగా, ఊరు ఊరంతయు తాము రసాయనమందులను వాడమని ప్రకటించుకొనెను. అప్పు తెచ్చిన విషయము మగవానికి పరువు, తీర్చవలసిన విషయము ఇల్లాలికి దినభారము. అందుచే లెక్క బయటపెట్టుటలో ఆమెయే ముందడుగు వేయుట సహజమే. తరువాత ఉమ్మడి రాష్ట్రమున సాగిన పురుగుమందులు లేని సేద్యమును, 2016నుండి ఆంధ్రప్రదేశమున సాగుచున్న ప్రకృతి వ్యవసాయమును స్త్రీల పొదుపు సంఘములనే ఆధారముగ చేసికొనుట కారణము లేని పని కాదు.

ఇక గెలుపు మాట. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రము, 1969లో అన్నదాత పత్రిక వెలసిన పిదప, ఆదర్శరైతు కథ మనకు సుపరిచితమైనది. అది ఎందరికో ఉత్సాహమునిచ్చిన మాట నిజమే. కాని క్వింటాళ్ళు మాత్రము చెప్పి, ఆ నేలకు నీరెట్లు వచ్చెనో, పెట్టుబడి యెవరిచ్చిరో, అంతకు ముందు ఎన్ని ఏండ్లు పోయెనో చెప్పని విజయగాథ వినువానికి దారి చూపదు, ఆశ మాత్రము చూపును. 1956లో పూనా ప్రాంతమున యునెస్కో సాయమున 150 గ్రామములలో రేడియో గ్రామీణ గోష్ఠులను నడపినపుడు, ప్రసారమును విని ఊరుకొనక, గుంపుగ కూర్చుండి చర్చించి, తమ సందేహములను తిరిగి కేంద్రమునకు పంపు ఏర్పాటు చేసిరి. ఊరక వినుటకంటె గుంపుగ చర్చించుటవలన ఎక్కువ నేర్తురని ఆ ప్రయోగము తెలిపినది.

గెలుపోటములను ఒకే గొంతుతో చెప్పిన పెద్దలు మనలో లేకపోలేదు. విజయవాడవద్ద కృష్ణకు అడ్డముగ నిలిచిన బ్యారేజికి ఎవరి పేరు పెట్టితిమో, ఆ టంగుటూరి ప్రకాశము 'నా జీవిత యాత్ర'లో తల్లి పూటకూళ్ళ ఇల్లు నడిపి తన్ను పెంచిన సంగతిని, తాను నాటకములలో వేషములు కట్టిన సంగతిని దాచలేదు. బారిష్టరుగ ఆర్జించిన ధనమును స్వరాజ్య పత్రికలో పోగొట్టుకొన్నవాడు ఆయన. ఆర్జనమును మాత్రమే చెప్పియున్నచో అది ఒక ధనికుని చరిత్ర యయ్యెడిది. పుస్తకము వ్రాయని రైతుకు, చేనిగట్టుమీది మాటయే అట్టి గ్రంథము.

ఇంత చెప్పిన తరువాత, నిజము పలికినంతనే అప్పు తీరదని ఒప్పుకొనక తప్పదు. ధర పడిపోవుట, వాన ముంచుట, కాలువ ఎండుట గోష్ఠివలన తొలగునవి కావు. అన్నిటికంటె కష్టమైన స్థితి కౌలురైతుది. 2019నాటి పంటసాగుదారుల హక్కుల చట్టప్రకారము అతనికి సాగు హక్కుపత్రము రావలెనన్న, భూస్వామి సంతకము చేయవలెను. ఆ సంతకముపై ఆధారపడినవాడు చేను పోయినదనియు చెప్పజాలడు, పండినదనియు చెప్పజాలడు. అతనిని నిజము చెప్పుమని అడుగుటకు ముందు, చెప్పినవానికి కౌలు పోదన్న భరోసా కల్పింపవలసియున్నది. అంగడిలోనైనను, కచేరీలోనైనను, పరీక్ష తప్పిన విద్యార్థుల నడుమనైనను ఈ న్యాయమే వర్తించును: క్రిందివాని నోట నిజము రాలేదని పైవాడు విసుగుకొనుట వ్యర్థము, ఆ నిజమునకు శిక్ష తానే విధించుచున్నంత కాలము.

కావున ఈ సంభాషణకు నాంది పలుకవలసినవా డెవడన్న ప్రశ్నకు సమాధానము స్పష్టము. ఇరువది ఎకరముల సొంతభూమి కలిగి, ఒక పంట పోయినను నిలద్రొక్కుకొనగల పెద్దరైతు, జీతమునకు లోటులేని అధికారి, పరిశోధన ఫలింపకపోయినను ఉద్యోగము పోని శాస్త్రజ్ఞుడు, వీరు తమ నష్టపు లెక్కను మొదట పదుగురిలో చదువవలెను. వారికది కొంచెము చిన్నతనము. రెండెకరముల కౌలుదారునకు అదే మాట జీవనాధారమును పోగొట్టగలదు. ఓటమిని ముందుగ చెప్పవలసిన బాధ్యత ఓటమిని భరింపగలవానిదే.